తగ్గింపు చీటీ కింద అసలు రేటు: మందుల అంగడి నుంచి గూళ్ల మార్కెట్ దాకా ధరల చట్టాలు



పోయిన పంట అయిపోయినాక మన గ్రూపు సభ్యుడు ఒకాయన రెండు ఫోటోలు పంపినారు. ఒకటి పడక మీద చల్లే మందు ప్యాకెట్ది, ఇంకోటి దాని బిల్లుది. ప్యాకెట్ మీద ఒక తెల్ల చీటీ అంటించి ఉంది. దాని మీద ఎం.ఆర్.పి. రూ. 150 అని, కింద 20 శాతం తగ్గింపు అని ఉంది. బిల్లులో ప్యాకెట్ రూ. 120 లెక్కన పది ప్యాకెట్లకు రూ. 1200, ‘పదికి రెండు ఉచితం’. ఇంటికి పోయి, చెయ్యి తడి చేసుకుని చీటీ పీకి చూస్తే కింద కంపెనీ వాళ్లు అచ్చు వేసిన అసలు ధర రూ. 110. ఉచితంగా ఇచ్చిన రెండు ప్యాకెట్లకు గడువు తేదీ దాటి నాలుగు నెలలయింది. ఆ తేదీ కూడా చీటీ కిందే ఉంది.

ఆయన పంట నాలుగో జ్వరం తర్వాత పాలరోగంతో సగం పోయింది. మందు వల్లే పోయిందని మేము చెప్పలేము, ఆయన కూడా చెప్పడం లేదు. మనిల్లు కడగడం దగ్గర నుంచి ఆకు తడి దాకా దానికి కారణాలు చాలా ఉంటాయి. ఆయన అడిగిన ప్రశ్న వేరే. “అంగడోడు ఇట్లా చీటీ వేసి రేటు పెంచచ్చునా? ఇచ్చేది డిస్కౌంటే కదా, మనం అడిగేదానికి హక్కు ఉందా?” అని.

హక్కు ఉంది. ఆయనొక్కరే కాదు, మనలో చాలామంది ఇట్లాంటి లెక్కల్లో పోగొట్టుకుంటున్నారు కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నాము.

*ఎం.ఆర్.పి. అంటే ఏమి*

మొదట ఒక మాట. ఎం.ఆర్.పి. అనేది అమ్మి తీరాల్సిన ధర కాదు, దాటకూడని ధర. అంగడి ఆయన రూ. 110 సరుకును రూ. 90కి ఇస్తే అది ఆయన ఇష్టం, చట్టానికి అభ్యంతరం లేదు. బేరమాడడం మన ఇష్టం. రూ. 111కి అమ్మితే మాత్రం తప్పు. అన్ని పన్నులూ కలిపినదే ఎం.ఆర్.పి., కాబట్టి దాని మీద ‘జి.ఎస్.టి. వేరే’ అనడానికి లేదు.

దీనికి మూలం 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద 2011లో వచ్చిన ప్యాకెట్ సరుకుల నియమాలు. చట్టం కేంద్రానిదే అయినా అంగడికి వచ్చి తనిఖీ చేసేది, కేసు రాసేది రాష్ట్ర ప్రభుత్వం శాఖ. ఆ శాఖ పేరు రాష్ట్రానికి ఒక తీరుగా ఉంటుంది, అందుకే మనవాళ్లకు ఎక్కడికి పోవాలో తెలియదు. ఆంధ్ర, తెలంగాణల్లో తూనికలు కొలతల శాఖ అంటారు. కర్ణాటకలో బోర్డు మీద ‘కానూను మాపన శాస్త్ర ఇలాఖె’ అని ఉంటుంది. మహారాష్ట్రలో ‘వైధ మాపన శాస్త్ర’ అని వెతకాలి. తమిళనాడులో ఈ పని కార్మిక శాఖ వాళ్లు చూస్తారు. హొసూరు, కృష్ణగిరి వైపు అన్నలు ఇది గుర్తు పెట్టుకోండి. అక్కడ తూనికల ఆఫీసు ఎక్కడ అని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు, కార్మిక శాఖ ఆఫీసు అంటే చూపిస్తారు.

ఇంక చీటీ సంగతి. ఆ నియమాల్లో దీని గురించి సూటిగానే రాసి ఉంది. కంపెనీ అచ్చు వేసిన ధరను చెరపకూడదు, మార్చకూడదు, దాని మీద చీటీ అంటించి మార్చకూడదు. ఒక్క సందర్భంలో చీటీకి అనుమతి ఉంది, అది ధర తగ్గించినప్పుడు. అప్పుడు కూడా ఆ చీటీ పాత ధరను మూయకూడదు, రెండూ కనపడాలి. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. రేట్లు మారి డ్రిప్పు సామాను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కదా, అప్పుడు అంగళ్లలో పాత స్టాకు మీద కొత్త చీటీలు కనపడినాయి. అవి తగ్గించే చీటీలు, పక్కనే పాత ధర కూడా కనపడేది. అది సరైన పద్ధతి. మన సభ్యుడి ప్యాకెట్ మీదిది పెంచే చీటీ, పైగా మూసేసే చీటీ. రెండు తప్పులు ఒకే కాగితం మీద.

అంగడి ఆయన ఒక వాదన చేయచ్చు. “పన్నెండు ప్యాకెట్లకు రూ. 1200 తీసుకున్నాను, ఒక్కోటి రూ. 100 పడింది, ఎం.ఆర్.పి. కన్నా తక్కువే కదా” అని. లెక్క చూస్తే నిజమే అనిపిస్తుంది. అయితే ఆ రెండు ప్యాకెట్లు గడువు తీరినవి, వాటి విలువ సున్నా. పనికొచ్చేవి పదే. పదికి రూ. 1200 అంటే ఒక్కోటి రూ. 120. అచ్చు ధర కన్నా పది రూపాయలు ఎక్కువ. రూ. 300 మిగిలింది అనుకుని ఇంటికి వచ్చిన మనిషి నిజానికి రూ. 100 ఎక్కువ కట్టి వచ్చినాడు.

*చట్టం పట్టుకోలేని డిస్కౌంటు*

ఇంకో రకం ఉంది. ఇది చట్టానికి దొరకదు, కాబట్టి మనమే చూసుకోవాలి. ఎరువులు, కొన్ని మందుల వంటివాటికి తప్ప, మామూలు సరుకు మీద కంపెనీ ఎంత ఎం.ఆర్.పి. అచ్చు వేయాలో చట్టం చెప్పదు. రూ. 350కి అమ్మదలచుకున్న టానిక్కు మీద రూ. 700 అని అచ్చు వేసి, అంగట్లో ‘సగానికి సగం’ అని బోర్డు పెడితే నేరమని పట్టుకోవడం కష్టం. ఆకు మీద కొట్టే టానిక్కులు, పురుగులకు బలం అని అమ్మే సీసాలు, కత్తెర్లు, స్ప్రేయర్లు, వీటిలో ఈ ఆట ఎక్కువ. శాతాన్ని చూడకండి, కిలోకు లేదా లీటరుకు ఎంత పడుతున్నదో చూడండి. ఆ యూనిట్ ధర కూడా ఇప్పుడు ప్యాకెట్ మీద వేయాలి. చిన్న అక్షరాల్లో వేస్తారు, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చదవండి. రెండు అంగళ్ల ఫోటోలు పక్కపక్కన పెడితే చాలు.

ఇంకొక చిన్న సంగతి. 25 కిలోలకు మించిన మూటలకు ఈ ప్యాకెట్ నియమాలు వేరుగా ఉంటాయి. సున్నం, బ్లీచింగ్ మూటల్లో తెచ్చుకునేవాళ్లు ఎం.ఆర్.పి. కోసం వెతికితే దొరక్కపోవచ్చు. అక్కడ మనకు దిక్కు బిల్లూ, తూకమే. విడిగా తూచి ఇచ్చే సరుకుకైతే తక్కెడ చూడండి. ఎలక్ట్రానిక్ తక్కెడకు ఏడాదికొకసారి శాఖ ముద్ర పడాలి.

*డిస్కౌంట్ ఇచ్చి పన్ను వేరే అడిగితే*

ఇది పట్టుచీరల అంగళ్లలో ఎక్కువగా చూస్తున్నాము. ఆషాఢం వస్తే తెలుగువైపు, ఆడి వస్తే తమిళంవైపు బోర్డులు లేస్తాయి: ‘40 శాతం తగ్గింపు’. బిల్లు దగ్గరికి పోతే తగ్గించిన ధర మీద మళ్లీ పన్ను కలుపుతారు. ఎం.ఆర్.పి.లో పన్ను ముందే ఉంది కాబట్టి, దాని మీద 40 శాతం తగ్గిస్తాము అని ప్రకటించినాక మిగిలిన 60 శాతమే మనం ఇవ్వాల్సింది. 2017లో జాతీయ వినియోగదారుల కమిషన్ ముందుకు ఇట్లాంటి కేసే పోయింది. అప్పట్లో జి.ఎస్.టి. కాదు, వ్యాట్. ‘ఇంత శాతం తగ్గింపు’ అని ప్రకటించి, తగ్గించిన ధర మీద పన్ను వేరే వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని కమిషన్ తేల్చింది.

చీర అన్నాము కాబట్టి ఒక పక్కమాట. గూళ్లు పండించేది మనం. మన ఇంటి పెళ్లికే సగం ధరకు వస్తుందని పట్టు కాని చీర కొని తెచ్చుకున్నవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. ఎవరో చెప్పము! కేంద్ర పట్టు మండలి 2004లో సిల్క్ మార్క్ పెట్టింది ఇందుకే. తగ్గింపు బోర్డు చూసే ముందు ఆ చీటీ ఉందా చూడండి.

*‘ఉచితం’, ‘లక్కీ డ్రా’, ‘ఇది కొంటేనే అది’*

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అందులో అనుచిత వ్యాపార పద్ధతులు ఇవీ అని చెప్పినవాటిలో మనకు రోజూ తగిలేవి కొన్ని ఉన్నాయి. ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, బహుమతి ఖర్చును సరుకు ధరలోనే కలిపేసి ఉచితం అనడం, అమ్మకం పెంచుకోవడానికి లాటరీ, డ్రా పెట్టడం, బిల్లు ఇవ్వకపోవడం. పండగలప్పుడు ‘మోటరు సైకిలు డ్రా’ కూపన్ల కోసం అవసరం లేని సరుకు కొనే అలవాటు మనకుంది. ఆ కూపన్ వెనక చట్టం ఎటు వైపు ఉందో ఇప్పుడు తెలిసింది కదా.

2022లో ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటించిన ధరకు సరుకు ఇచ్చే వీలు లేకుండానే జనాన్ని అంగడికి లాగడానికి ప్రకటన ఇవ్వకూడదని అందులో ఉంది. ‘రూ. 999కే బ్యాటరీ స్ప్రేయర్’ అని ఫోన్లకు బొమ్మ పంపి, పోతే “ఆ స్టాకు పొద్దున్నే అయిపాయె, ఇది చూడండి రూ. 2400” అనడం ఇదే. ఆ బొమ్మను ఫోన్లో తుడిచేయకండి, అదే సాక్ష్యం.

బిల్లు కింద ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర ఉంటుంది చూడండి. సరుకులో లోపం ఉంటే ఆ ముద్ర అంగడి ఆయనను కాపాడదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపల, రాయకపోతే 30 రోజుల లోపల వాపసు తీసుకోవాలని, లేదా డబ్బు ఇవ్వాలని చట్టంలో ఉంది. మన సభ్యుడి గడువు తీరిన ప్యాకెట్లు ఉచితమే అయినా, బిల్లులో ఉన్నాయి కాబట్టి లోపమున్న సరుకు కింద అడగచ్చు అని మా అభిప్రాయం.

ఇప్పుడు అందరికీ కోపం వచ్చే విషయం. మల్బరీ తోటకు యూరియా కావాలని పోతే “ఈ సీసా తీసుకుంటేనే మూట” అంటారు. 45 కిలోల వేప పూత యూరియా మూట ధర రూ. 266.50. ఇది ప్రభుత్వం కట్టిన ధర. ఆ మూట కోసం రూ. 300 సీసా బలవంతంగా కొంటే మూట మనకు రూ. 566.50 పడినట్టే. ఒక సరుకు కావాలంటే ఇంకోటి కొని తీరాలి అనడం వినియోగదారుల చట్టంలో నిర్బంధ వ్యాపార పద్ధతి కింద వస్తుంది. ఎరువుల అంగడికి 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కూడా ఉంది. దాని ప్రకారం స్టాకు, ధరల పట్టీ అందరికీ కనపడేట్టు పెట్టాలి, బిల్లు ఇవ్వాలి. ఫిర్యాదు వ్యవసాయ శాఖ అధికారికి ఇవ్వాలి. ఆ సీసాకు కూడా పేరు రాసి బిల్లు అడగండి. బిల్లు అడిగిన చాలా చోట్ల సీసా సంగతి వాళ్లే మరిచిపోతారు.

*రైతు వినియోగదారుడేనా*

“మీరు వ్యాపారానికి కొంటున్నారు, కన్‌స్యూమర్ కేసు చెల్లదు” అని భయపెట్టేవాళ్లు ఉంటారు. సొంత కష్టంతో బతుకు గడుపుకోవడానికి కొని వాడుకున్న సరుకు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విత్తనాలు కొన్న రైతులు వినియోగదారులే అని తీర్పిచ్చింది. ఆ కేసు వేసింది మన ఆంధ్రప్రదేశ్ రైతులే.

సరిహద్దులో ఉండేవాళ్లకు ఇంకో వసతి ఉంది. బాగేపల్లి ఆయన హిందూపురంలో మందు కొన్నాడనుకోండి. పాత చట్టంలో అంగడి ఉన్న చోటికే కేసుకు పోవాల్సి వచ్చేది. 2019 చట్టంలో ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయచ్చు, అంటే చిక్కబళ్లాపురంలో. సరుకు విలువ రూ. 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. ఎం.ఆర్.పి. చీటీ మీద తూనికల శాఖకు ఇచ్చే ఫిర్యాదు మాత్రం అంగడి ఉన్న రాష్ట్రంలోనే ఇవ్వాలి, అక్కడి ఇన్‌స్పెక్టరే ఆ అంగడికి పోగలడు. ముందుగా 1915కు ఫోన్ చేస్తే, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, చాలా చిన్న తగాదాలు అక్కడే తేలిపోతాయి.

*మనం అమ్మేటప్పుడు*

కొనేటప్పుడు ‘తగ్గింపు’ అంటే సంతోషం. అమ్మేటప్పుడు తగ్గింపు మన తల మీదే పడుతుంది. అక్కడ దాని పేరు ‘తరుగు’.

కర్ణాటకలో దీనికి ప్రత్యేకంగా రాష్ట్ర చట్టం ఉంది. 1959 నాటి పట్టు గుడ్లు, గూళ్లు, నూలు నియంత్రణ చట్టం. రీలరుకు లైసెన్సు ఉండాలని, గూళ్లు మార్కెట్లోనే బహిరంగ వేలంలో అమ్మాలని దాని సారాంశం. రామనగరం, శిడ్లఘట్ట మార్కెట్లు నడిచేది దీని కిందే. ఆంధ్ర నుంచి, తమిళనాడు నుంచి గూళ్లు తెచ్చి రామనగరంలో పోసేవాళ్లకు కూడా అక్కడ ఆ మార్కెట్ పద్ధతే వర్తిస్తుంది. ఇంటి పెద్దలు చెప్తారు, ఆ కాలంలో రీలరు మనుషులు గుడ్డ కింద చేతులు పెట్టి రేటు మాట్లాడుకునేవాళ్లని. రైతుకు తన గూటి ధర తనకే తెలిసేది కాదు. ఇప్పుడు లాటు నంబరు పడుతుంది, రీలర్లు గూళ్లు చూసి ఫోన్ల మీద రేటు వేస్తారు, ఎక్కువ వేసిన రేటు మనకు తెలుస్తుంది. మనసుకు రాకపోతే ఒప్పుకోనక్కర లేదు. ఒప్పుకున్నాకే తూకం.

చాలామంది జారేది ఇక్కడ కాదు, ఊర్లో. గూళ్లు విడిపించే రోజు ఇంటి ముందుకు బండి వస్తుంది. “మార్కెట్ రేటు కన్నా కిలోకు 20 ఎక్కువ ఇస్తాను, బాడిగ లేదు, ఫీజు లేదు, దుడ్డు చేతిలో పెడతాను” అంటారు. లెక్క చూద్దాం. మార్కెట్లో కిలో రూ. 500 ఉందనుకోండి, మీ దగ్గర 80 కిలోలు. మార్కెట్లో రూ. 40,000. ఇంటి దగ్గర 520 అంటాడు కానీ, తడి అని, డబుల్ గూళ్లని, గోతం బరువని నాలుగు కిలోలు తరుగు తీస్తాడు. 76 కిలోలకు 520 లెక్కన రూ. 39,520. మార్కెట్ ఫీజు పోయినా రెండు చోట్లా చేతికొచ్చేది ఇంచుమించు ఒకటే. బాడిగ మిగులుతుంది కదా అంటారు, అది నిజమే. అయితే ఇంటి దగ్గర అమ్మినదానికి లాటు నంబరు లేదు, తూకం చీటీ లేదు. “మిగిలింది వచ్చే వారం” అని సగం ఇచ్చి పోయినవాడి మీద ఫిర్యాదుకు ఆధారం లేదు. పైగా కర్ణాటకలో ఆ అమ్మకమే చట్టానికి విరుద్ధం, కాబట్టి ఫిర్యాదు చెప్పబోయేవాడే ముందు తప్పు ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ బండివాళ్లకు ఇది బాగా తెలుసు.

మార్కెట్లో కూడా వేలం అయినాక “లోపల గూళ్లు పలచగా ఉండాయి, పది తగ్గించు” అని అడిగే రీలర్లు ఉన్నారు. వాళ్ల బాధ కొన్నిసార్లు నిజమే, పైన మంచి గూళ్లు పోసి అడుగున మచ్చ గూళ్లు పెట్టే రైతులు మనలోనూ ఉన్నారు. లాటు అంతా ఒకే తీరుగా పోస్తే ఆ మాట అనడానికి వాళ్లకు చోటు ఉండదు. అట్లా పోసినాక కూడా అడిగితే అక్కడికక్కడే ఒప్పుకోకండి, తూకానికి ముందే మార్కెట్ అధికారి దగ్గరికి పోండి. తూకం అయి గూళ్లు కలిసిపోయినాక ఎవరి మాట నిజమో ఎవరూ చెప్పలేరు.

చాకీ పురుగుల దగ్గర కూడా ఈ మధ్య ‘నూరు మొట్టెలకు ఇంత తగ్గింపు’ మొదలయింది. చాకీ పురుగులు ప్యాకెట్ సరుకు కాదు, వాటికి ఎం.ఆర్.పి. లేదు. అయితే 2006లో సవరించిన కేంద్ర పట్టు మండలి చట్టం ప్రకారం గుడ్లు తయారు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు, చాకీ సాకేవాళ్లు నమోదు అయి ఉండాలి. రేటు అడిగే ముందు నమోదు నంబరు అడగండి. బిల్లులో రకం, మొట్టెల లెక్క, చాకట్టిన తేదీ రాయించుకోండి.

ఫోటోలు పంపిన సభ్యుడు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినారు. ప్యాకెట్లు, పీకిన చీటీ, బిల్లు ఒక కవర్లో పెట్టి దాచినారు. మీ దగ్గర ఇట్లాంటి చీటీ ఉన్న ప్యాకెట్ ఉంటే పీకేయకండి. ముందు చీటీతో ఒక ఫోటో, తర్వాత ఒక మూల పైకెత్తి కింది ధర, తేదీ కనపడేట్టు ఇంకో ఫోటో, బిల్లుతో కలిపి ఒకటి తీసి మాకు పంపండి. అంగడి పేరు గ్రూపులో వేయకండి, మాకు విడిగా పంపితే ఏ శాఖకు ఎట్లా రాయాలో చెప్తాము. తమిళంలో, కన్నడంలో రాసిపెట్టడానికి మనవాళ్లు ఉన్నారు. మరాఠీ, ఒడియా రాయగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే మాకు చెప్పండి.